ముక్కు మేడం ఏమీ అనలేదు

శానిటరీ ఇన్‌స్పెక్టరమ్మ స్కూటరు బజారు మలుపు తిరిగిందంటే చాలు, హోటళ్ళ వెనక తలుపులు టపటపా తెరుచుకునేవి. నిన్నటి కూర, మొన్నటి పాలు, ఎప్పటివో వండినవాడికే గుర్తులేని ముక్కలు, అన్నీ ఒక్క పరుగున చెత్తడబ్బాలో పడేవి. ఆవిడ మాత్రం నింపాదిగా స్టాండు వేసి, హెల్మెట్ తీసి, మోకాళ్ళు రుద్దుకుని, గుమ్మంలో నిలబడి గడ్డం కాస్త పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చేది. మూడోసారి పీల్చాల్సిన అవసరం ఆవిడ సర్వీసులో పెద్దగా రాలేదు. రెండోది పూర్తయ్యేలోపే యజమాని చేతులు నలుపుకుంటూ, "ఆ మూలనున్న గిన్నె ఇప్పుడే పారబోయిద్దామనుకుంటున్నానండీ" అని తనంతట తనే కక్కేసేవాడు.

అందుకే ఆవిడకి ముక్కు మేడం అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు. పైకి చిరాకుపడేది గానీ లోలోపల ఆ పేరంటే ఆవిడకి భలే ముచ్చట. బేకరీ గోడలో చచ్చిన ఎలుకని గోడకి ఇవతల నిలబడి పట్టుకుందనీ, రైల్లో కూర్చుని పక్క పెట్టెలోని చేపలు ఏ పూట పట్టినవో చెప్పిందనీ చెప్పుకునేవాళ్ళు. ఎలుక సంగతి నిజం. చేపల కథ ఆవిడ మొగుడు కట్టింది. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన, చేతిలో పని లేకపోతే నోటికి పని చెప్పే రకం. "జీతం నీక్కాదే, నీ ముక్కుకిస్తున్నారు" అని వేళాకోళం చేసేవాడు.

ఆ ముక్కు కాస్తా పోయింది.

పోవడమంటే మొహం మీద ఉండాల్సిన చోటే ఉంది, పని మానేసింది. నిరుటి వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసన పట్టే గుణాన్ని వెంటేసుకుపోయింది. డాక్టరుని అడిగితే, వస్తే వస్తుంది, రాకపోతే లేదన్నాడు. ఈ మాత్రం చెప్పడానికి అంత చదువెందుకని ఆవిడకి ఒళ్ళు మండింది. సబ్బు, కిరసనాయిలు, వెనిగరు, ఇంట్లో ఉన్నవన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఫినాయిలు సీసా మూత తీస్తే కళ్ళ వెంట నీళ్ళు కారాయి తప్ప వాసన మాత్రం తెలియలేదు.

ఆఫీసులో చెప్పలేదు. చెబితే తీసేయరు. జనన మరణాల కౌంటరు దగ్గర ఒక కుర్చీ చూపించి కూర్చోమంటారు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు రిటైరై వెళ్ళిపోతే వాళ్ళ వార్డులు కూడా ఈవిడ నెత్తినే పడ్డాయి. పొద్దున లేస్తే మురిక్కాలవలు, దోమల మందు, చచ్చిన కుక్కలు, నీళ్ళ ట్యాంకులు, మంగలి షాపుల తువ్వాళ్ళు, పక్కింటివాళ్ళ చెత్త మీద ఎదురింటివాళ్ళ ఫిర్యాదు. అంతగా అలిసిపోయిన మనిషికి కుర్చీ చేదా అని ఎవరైనా అడగొచ్చు. చేదే మరి. ముక్కు ఉన్నంతకాలం ఆవిడ ముక్కు మేడం. అది లేకపోతే సంచీ భుజాన వేసుకుని కాలవల వెంట తిరిగే మోకాళ్ళ నొప్పుల మనిషి. అటువంటివాళ్ళు ఆ ఆఫీసులో కొల్లలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ముక్కు పోయినా పని ఆగలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ గడ్డం ఎత్తి రెండుసార్లు ఉత్త గాలి పీల్చేది. యజమానులు ఎప్పటిలాగే చేతులు నలుపుకుని ఎప్పటిలాగే కక్కేసేవారు. మొదట్లో గుండె దడదడలాడింది. తర్వాత్తర్వాత ఆ దడ కూడా తగ్గింది. భయం తన పని తాను చేసుకుపోతుంటే ఇంక ముక్కుతో పనేముందిలే అనిపించింది. అక్కడే తప్పటడుగు పడింది, పాపం ఆవిడకది తెలియలేదు.

ఇంట్లో మొదట కనిపెట్టింది అత్తగారు. కీళ్ళ నొప్పులకి ఆవిడ రాసుకునే తైలం కంపు భరించలేక కోడలు రోజూ కిటికీలు బార్లా తెరిచేది, రోజూ ఒక మాట అనేది, రోజూ దానికొక జవాబు పుచ్చుకునేది. జ్వరం తగ్గాక ఆ మాట ఆగిపోయింది. కొన్నాళ్ళు చూసి అత్తగారు అడిగేసింది.

"ఏమే అమ్మాయ్, నా తైలం మీద నీకు ఒక్కసారిగా ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటి?"

"అలవాటైపోయింది లెండి అత్తయ్యా."

"ఇన్నేళ్ళు కానిది ఇప్పుడైందా? ఇలా రా." ముసలావిడ తైలం సీసా తీసి కోడలి ముక్కు కింద పెట్టింది. కోడలు బొమ్మలా నిలబడింది. అత్తగారు సీసాకి మూత బిగించింది. ఆ రోజు నుంచి పాలు కాచే ముందు గిన్నె అందుకుని వాసన చూడటం తన పనిగా పెట్టుకుంది. కొడుక్కి చెప్పలేదు. ఇరుగుపొరుగుకి అసలే చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని ఆవిడకి అది తపస్సు లాంటిదే.

ఇలా ఉండగా ఆడపిల్లల హాస్టలు తనిఖీ రోజు వచ్చింది.

ఆ హాస్టలు వంటిల్లంటే ఆవిడకి ప్రాణానికి సుఖం. వంటమాస్టారు అరవై దగ్గరపడిన మనిషి. గోళ్ళు కత్తిరించుకుని, తలకి గుడ్డ కట్టుకుని, కత్తిపీటల దగ్గర్నుంచి గరిటెల దాకా దేని చోట దాన్ని ఉంచేవాడు. ముక్కు మేడం వస్తోందంటే హడావుడి పడని మనిషి తన వార్డులన్నిటిలో ఆయనొక్కడే. పైగా ఆవిడ కోసం ఎదురుచూసేవాడు. ఆవిడ గాలి పీలుస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని మొహంలోకే చూసేవాడు. అది మర్యాద అనుకునేది ఆవిడ.

ఆ పొద్దున ఆవిడ అప్పటికే సగం చచ్చి ఉంది. ఒక కాలవ దగ్గర రెండిళ్ళవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే విడదీసి, ఇద్దరితోనూ తిట్లు తిని, బురద చెప్పులతో వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే మాస్టారు బల్ల తుడిచాడు. బల్ల మీద పెద్ద బేసిన్‌లో కోసి కడిగిన మాంసం ఉంది. దాని మీది మూత తీసి పక్కన పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ఆవిడ బల్ల పక్కనే నిలబడి, గడ్డం ఎత్తి, రెండుసార్లు గాలి పీల్చింది. మాంసం రంగు చూసింది, బాగానే కనిపించింది. ఫ్రీజరు తలుపు తీసి చెయ్యి పెట్టింది, చల్లగానే ఉంది. సంచీలో థర్మామీటరు ఉంది, దానికి బ్యాటరీ అయిపోయి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలియదు. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, రాత్రి కరెంటు పోయిందా అని. ముక్కున్న రోజుల్లో అది అడిగే పని పడలేదు. ముక్కు పోయాక అడిగే అలవాటు చేసుకోలేదు.

"శుభ్రంగా ఉంది మాస్టారూ" అని సంతకం పెట్టింది.

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే పొయ్యి మీద పెట్టేస్తాను మేడం" అన్నాడు. పెట్టుకో నాయనా, నాకు ఇంకా మూడు చోట్లకి వెళ్ళాలి అనుకుంటూ ఆవిడ బురద చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

సాయంత్రానికి హాస్టలు పిల్లలకి వాంతులు మొదలయ్యాయి.

ఆఫీసు నుంచి ఫోను వస్తే ఆవిడ నేరుగా ఆసుపత్రికి పరిగెత్తింది. మంచానికి ఇద్దరు చొప్పున పడుకోబెట్టారు. వరండాలో చాపల మీద ఇంకొందరు. ఇటువంటప్పుడు ఇన్‌స్పెక్టరు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి మనిషినీ ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, నీ పక్కన కూర్చుని తినని వాళ్ళెవరు అని అడగాలి. ఆవిడ వంగి వంగి ఒక్కో పిల్లనీ అడుగుతూ పోయింది. మాంసం ముట్టని పిల్ల ఒకతి నిక్షేపంగా తిరుగుతూ అందరికీ నీళ్ళు అందిస్తోంది. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. అయినా చివరి చాప దాకా అడిగింది.

చివరి చాప మీది పిల్లని అప్పుడే లోపలి గదిలోకి మార్చారు. అందరికంటే చిన్నది, బక్కది. చేతికి సెలైను, ముక్కుకి గొట్టం. గాజు తలుపు అవతలి నుంచి చూసింది ఆవిడ. నర్సు బయటికి వచ్చి, "ఏమీ చెప్పలేమమ్మా, చూడాలి" అంది. 

అక్కణ్ణుంచి హాస్టలుకి వెళ్ళింది. వండకుండా మిగిలిన మాంసం జప్తు చేయాలి, వండినదాంట్లోంచి శాంపిలు పంపాలి. ప్రతి పూటా వండినది కాస్త డబ్బాలో తీసి ఉంచాలని హాస్టళ్ళకి నియమం. చాలాచోట్ల తనిఖీ రోజున మాత్రమే ఉంచుతారు. మాస్టారు రోజూ ఉంచేవాడు. ఆ డబ్బా తనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయన తలగుడ్డ జారి మెడలో పడి ఉంది, సర్దుకోవాలన్న ధ్యాస లేదు.

"మాంసం కాదు మేడం" అన్నాడు. "నీళ్ళ ట్యాంకు చూడండి ఒకసారి."

"అందరూ మాంసం తిన్నవాళ్ళే మాస్టారూ."

"అయినా మాంసం కాదు. రాత్రి కరెంటు చాలాసేపు పోయింది. పొద్దున తీసేసరికి కాస్త మెత్తబడింది. నాకు అనుమానం వచ్చింది, కాదనను. సొంత వంటింటి వాసన సొంత ముక్కుకి పట్టదు కదండీ. వార్డెన్ మేడం చూసి బానే ఉందిగా అన్నారు. నాకు మనసొప్పలేదు. మీరొచ్చే రోజే కదా అని ఆగాను. మూత తీసి మీ పక్కనే పెట్టాను. మీరు రెండుసార్లు వాసన చూశారు, వంక పెట్టి ఏమీ అనలేదు, సంతకం కూడా పెట్టారు. పాడైతే మీకు తెలియదా? గోడ అవతల ఎలుకే తెలిసిందే! అందుకే చెప్తున్నా, మాంసం కాదు, ట్యాంకు చూడండి."

 ఆవిడ ఆయన మాట కాదనలేక ట్యాంకు నిచ్చెన ఎక్కింది. లోపల టార్చి వేసి చూసింది, నీళ్ళు పట్టి పరీక్ష మందు చుక్కలు వేసి చూసింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కింద మాస్టారు తలెత్తి ఆశగా చూస్తున్నాడు. ఆ నిచ్చెన దిగడం కన్నా ఆ ట్యాంకులో పడి ఉండిపోవడమే నయమనిపించింది.

ఇంటికి వచ్చి మొహం కడుక్కోకుండానే కూలబడింది. అత్తగారు కంచం పెట్టింది. అవతల గదిలో మొగుడు రేడియో విప్పి ముందేసుకుని స్క్రూలు వెతుక్కుంటున్నాడు. ఆవిడ గొంతు తగ్గించి జరిగినదంతా చెప్పింది.

"ఆ వంటాయన్ని ఏం చేస్తారు?" అంది అత్తగారు.

"పీకేస్తారు. కేసు పెడతారు. ఆ వయసులో ఇంకో వంటింట్లో అడుగు పెట్టనివ్వరు."

"నిన్నో?"

"నన్నేం చేస్తారు? ముక్కు ఉండి తీరాలని రూల్సులో ఎక్కడా లేదు. థర్మామీటరు పెట్టి చూశారా అంటారు. చూశానంటే అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా" అంది ముసలావిడ. అని ఊరుకోలేదు. "ఇన్నాళ్ళూ నీ గుట్టు కడుపులో పెట్టుకున్నాను, పాల గిన్నె దాకా అయితే పరవాలేదని. పిల్లల ప్రాణాల మీదికి వచ్చాక కూడా దాచమంటే నా వల్ల కాదమ్మాయ్. నువ్వు చెప్పకపోతే నేనే ఆటో కట్టించుకుని మీ ఆఫీసుకి వస్తాను. నా సంగతి నీకు తెలుసు."

తెలుసు. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. కోడలికి కోపం రావాల్సింది, రాలేదు. ఏడుపు వచ్చింది. అత్తగారు ఓదార్చలేదు, కంచం దగ్గరికి జరిపి తినమంది.

విచారణ హెల్తాఫీసరు గదిలో పెట్టారు. ఆఫీసరు చిన్నవాడు, డాక్టరు. రోగుల్ని చూద్దామని చదువుకుని ఫైళ్ళు చూసే ఉద్యోగంలో పడ్డవాడు. కళ్ళ కింద ఎప్పుడూ నిద్ర వేలాడుతూ ఉండేది. బల్లకి ఒక పక్క వార్డెనూ, గోడవార మాస్టారూ. ల్యాబు నుంచి కబురు వచ్చేసింది, మాంసమే. లోపలి గదిలోని పిల్ల ఆ పొద్దునే కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగిందని కూడా కబురు వచ్చింది. ఆ రెండో కబురు లేకపోతే ఆవిడ ఆ గది దాకా నడిచి వచ్చేది కాదేమో.

"అయితే ఇక సాగదీయడం దేనికి? కరెంటు పోయిందని తెలిసీ వండాడు. నిర్లక్ష్యం వంటవాడిది. అంతేగా?" అన్నాడు ఆఫీసరు.

"అంతే సార్" అంది వార్డెన్ తడుముకోకుండా.

మాస్టారు గోడ దగ్గర్నుంచి కదల్లేదు. "సార్, మేడం వాసన చూశారండీ" అన్నాడు. రెండు రోజులుగా ఆయనకి అదొక్కటే మాట మిగిలింది.

"నాకు వాసన తెలియదు సార్" అంది ఆవిడ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది. జ్వరం, డాక్టరు, ఆఫీసులో దాచడం, గుమ్మాల్లో ఉత్త గాలి పీల్చడం, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే వేరే ఎవరిదో అనిపించింది. అయిపోయాక ఆఫీసరు నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు.

"మేడం, మీరు వాసన తెలియదనడం, మా అటెండరు నిద్ర రాదనడం, రెండూ ఒక్కటే" అన్నాడు. గుమ్మంలో ఉన్న అటెండరు కిసుక్కుమన్నాడు.

వార్డెన్ అందుకుంది. "మేడం మనసు వెన్న సార్. పెద్దాయన మీద జాలిపడి తన మీద వేసుకుంటున్నారు."

ఆవిడకి ఏనాడూ ఎవరూ ఇంత గౌరవం ఇవ్వలేదు. అక్కర్లేని రోజున వచ్చిపడింది. అబద్ధం ఇన్నాళ్ళు నిజంలా చలామణి అయింది, ఇప్పుడు నిజం చెబితే కొనే నాథుడు లేడు.

జప్తు చేసిన పచ్చి మాంసంలో ల్యాబుకి పంపగా మిగిలింది ఒక బకెట్లో మూత బిగించి ఆఫీసు పెరట్లో పడి ఉంది. పాతిపెట్టడానికి రావాల్సిన బండి రాలేదు. పొద్దుటి నుంచీ అటెండరు దాని గురించే సణుగుతున్నాడు. ఆవిడ బయటికి వెళ్ళి ఆ బకెట్ తనే మోసుకొచ్చి ఆఫీసరు బల్ల ముందు దించింది.

"మేడం, వద్దు!" అన్నాడు అటెండరు.

మూత తీసింది. ఆఫీసరు కుర్చీతో సహా వెనక్కి జరిగి రుమాలు వెతుక్కున్నాడు. వార్డెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది, వరండాలో ఆవిడ డోకుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. అటెండరు ఏదో బూతు మాట అని నాలిక్కరుచుకుని కిటికీ తీశాడు. ముక్కు మేడం మోకాళ్ళ మీద కూర్చుంది. బకెట్ మీదికి వంగి, మొహం మాంసానికి ఆనేంత దగ్గరగా పెట్టి, ఒకసారి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. తలెత్తి ఆఫీసరు వంక చూసింది. ఆ మొహంలో ఏ మార్పూ లేదు. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ అవి కంపు వల్ల వచ్చినవి కావు.

"ఇంతే సార్. ఆ రోజు కూడా ఇంతే" అంది.

ఆఫీసరు ముక్కు మీది రుమాలు తీయలేదు. మాస్టారు గోడ వదిలి వచ్చి, ఆవిడ చేతిలోంచి మూత తీసుకుని బకెట్ మీద పెట్టి నొక్కాడు. ఆవిడ మొహంలోకి చూడలేదు.

మాస్టారు బకెట్ బయటికి మోసుకుపోయాడు, ఫ్యాను గిర్రున తిరిగింది. ఆఫీసరు చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు, "మేడం, ఒక మాట. ఈ సంగతి కాగితం మీద పెడితే సాయంత్రానికల్లా బజారంతా తెలిసిపోతుంది. ఇన్‌స్పెక్టరని ఉన్నది మీరొక్కరే. మీ ముక్కుకి భయపడి ఇన్ని వంటిళ్ళు కాస్తో కూస్తో ఒళ్ళు దగ్గర పెట్టుకుంటున్నాయి. ఆ భయం పోతే నా దగ్గర ఇంకేం ఉంది చెప్పండి? ఇక్కడే ఆపేద్దాం. మాస్టారికి ఏదో మందలింపుతో సరిపెట్టేలా నేను చూస్తాను."

"ఎలా చూస్తారు సార్? మాంసం పాడైందని తేలింది. నా మాట లేకపోతే తప్పంతా ఆయనదే అవుతుంది కదా?"

ఆఫీసరు పెన్ను మూత మళ్ళీ బిగించాడు. ఆయన దగ్గర వేరే దారి లేదని ఆవిడకి తెలుసు.

"రాయండి సార్. నేను చెప్పినట్టే రాయండి. సంతకం పెడతాను."

ఆఫీసరు రాశాడు. రాస్తూ రాస్తూ, మాస్టారికి మందలింపు చాలన్నాడు, ఆవిణ్ణి కౌంటరు దగ్గరికి మార్చాల్సి వస్తుందన్నాడు. ఈలోపు ఇంకో మనిషి దొరికేదాకా పాత వార్డులు కూడా చూసుకోవాలన్నాడు. థర్మామీటరుకి బ్యాటరీ స్టోర్సులో లేదన్నాడు. ఆవిడ అన్నిటికీ తలూపింది. పెద్ద బరువు దిగిపోతుందనుకుంది గానీ దిగలేదు. ఒళ్ళంతా ఎవరో చీపుళ్ళతో కొట్టినట్టు ఉంది.

మాస్టారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేవాడు.

"మీ ఉద్యోగానికి ఏం కాదు మాస్టారూ. మందలింపుతో పోతుంది" అంది ఆవిడ.

"ఎన్నాళ్ళయింది మేడం, ముక్కు పోయి?"

"నిరుటి వానల్లో."

ఆయన లెక్కేమీ కట్టలేదు. "మీరొచ్చి వెళ్ళిన రోజు నేను కంటినిండా నిద్రపోయేవాణ్ణి" అన్నాడు. "అన్ని ప్రాణాలకి వండుతానా, రోజూ భయమే. మీరొచ్చిన రోజున మాత్రం ఉండేది కాదు. మీకు భయపడ్డవాళ్ళకేం నష్టం లేదు మేడం. వాళ్ళు మీరొస్తున్నారని ముందే పారేశారు, బాగుపడ్డారు. నేను నమ్మాను. నమ్మబట్టే ఆ పిల్లలకి పెట్టాను."

 ఆవిడకి తప్పయిపోయింది అనాలని ఉంది, ఆ మాట మరీ చిన్నగా అనిపించింది. అయినా అంది. ఇంకేమీ దొరకలేదు.

"నన్ను ఒక్క మాట అడగాల్సింది మాస్టారూ. ఇది బాగుందా లేదా అని నోటితో అడిగి ఉంటే..."

మాస్టారు తలెత్తాడు. అప్పుడు వచ్చింది ఆయనకి కోపం.

"అడిగితే నోటీసు ఇస్తారు కదమ్మా! బేకరీవాడు ఒకసారి మిమ్మల్ని అడిగాడు, ఈ వెన్న పనికొస్తుందా మేడం అని. అనుమానం వచ్చాక కూడా ఎందుకుంచావని అక్కడికక్కడే నోటీసు రాశారు. ఆ రోజు నుంచి ఈ ఊళ్ళో మిమ్మల్ని ఎవరైనా అడిగారా? మేమంతా మీ మొహం చూసి తెలుసుకోవడమే నేర్చుకున్నాం."

ఆవిడకి ఆ నోటీసు గుర్తుకొచ్చింది. బేకరీవాడి వెన్న బాగానే ఉందని కూడా గుర్తుకొచ్చింది. ఆ పూట ఆవిడ చాలా హుషారుగా ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పి నవ్వింది. ముక్కు పోవడం జ్వరం చేసిన పని. ఎవరూ నోరు విప్పి అడగలేకపోవడం మాత్రం ఆవిడ చేతులారా చేసింది, ముక్కు సలక్షణంగా ఉన్న రోజుల్లోనే చేసింది.

"ఇకనుంచి అడగండి. నాకు తెలియకపోతే తెలియదని చెప్తాను. నోటీసు ఇవ్వను" అంది.

మాస్టారు చేతి సంచీ తీసుకుని లేచాడు. అందులో ఆసుపత్రిలో పిల్లకి పట్టుకెళ్ళే గంజి డబ్బా ఉంది. రెండడుగులు వేసి ఆగి, అలవాటు చొప్పున ఆవిడ మొహంలోకి చూశాడు, నిజమేనా అన్నట్టు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

"గంజి డబ్బా నర్సుగారికి ఇచ్చి వాసన చూడమంటాను. ఆవిడ సరేనంటేనే పాపకి పడతాను" అన్నాడు.

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.